కన్వర్టర్ తగిలిస్తే పక్షి దగ్గరికి రాదు

సంపాదకులకు నమస్కారం.

అక్టోబర్ వచ్చిందంటే నేలపట్టు, పులికాట్, కొల్లేరు, తేలినీలాపురం దారులు కెమెరా సంచులతో నిండిపోతాయి. మార్చి దాకా పాఠకులు పంపే పక్షుల ఫొటోలు పత్రికల్లో కనిపిస్తూనే ఉంటాయి. వాటిలో కొన్ని చూస్తే మీద పల్చటి తెర కప్పినట్టుంటుంది. ఈకకు ఈక విడిపోవాల్సిన చోట అంతా ముద్దగా అలుక్కుపోయి ఉంటుంది. ఎందుకలా వచ్చిందంటే మామూలుగా వినబడే జవాబు, "టెలీకన్వర్టర్ వేసి తీశాం కదా" అని. టెలీకన్వర్టర్ అంటే లెన్స్‌కీ కెమెరాకీ మధ్య తగిలించి బొమ్మను పెద్దది చేసుకునే చిన్న పరికరం. నెపం దాని మీదికి నెట్టేయడం తేలికే. కానీ దాన్ని ఏ లెన్స్‌కి తగిలించారు, ఏ వేళప్పుడు తీశారు, షట్టర్ ఎంతసేపు తెరిచి ఉంచారు అని ఆరా తీస్తే తప్పు చాలాసార్లు ఇంకోచోట దొరుకుతుంది. దూరపువాటిని తీసే టెలీఫొటో జూమ్ లెన్స్ మీద కన్వర్టర్ వాడదలచినవాళ్లకు పనికొస్తుందని ఈ ఉత్తరం. కాస్త పొడుగైంది, మన్నించాలి.

అసలు అది కావాలా వద్దా అన్న లెక్క ముందు. 24 మెగాపిక్సెళ్ల కెమెరాలో ఫొటో అడ్డంగా 6,000 పిక్సెళ్లు. న్యూస్‌ప్రింట్ మీద అంగుళానికి 200 పిక్సెళ్లు ఉంటే చాలు, అంతకు మించి ఇచ్చినా ఆ కాగితం చూపించలేదు. 6,000ని సగానికి కోసేస్తే 3,000 మిగులుతాయి. అంటే 15 అంగుళాలు, 38 సెంటీమీటర్లు. మీ పేజీ ఈ చివర నుంచి ఆ చివరికి పరిచినా సరిపోతుంది. పత్రికకు పంపడానికో, ఫోన్‌లో చూసుకోడానికో తీసేవాళ్లకు 2ఎక్స్ (బొమ్మను రెండింతలు చేసే) కన్వర్టర్ పనిని ఇలా కోసుకోవడమే, అంటే క్రాప్, ఊరికే చేసిపెడుతుంది. రూపాయి ఖర్చుండదు, వెలుతురు రవ్వంత కూడా పోదు. పక్షి ఫ్రేము వెడల్పులో పదో వంతు కూడా లేనప్పుడు సంగతి వేరు. అప్పుడు దాని ఒంటి మీద ఉండేవే 600 పిక్సెళ్లు, 1.4ఎక్స్ వేస్తే అవి 840 అవుతాయి. ఆ తేడా కంటికి కనిపిస్తుంది. గోడకు పెట్టే పెద్ద ప్రింట్ వేయించుకునేవాళ్లకూ కనిపిస్తుంది.

దగ్గరికి పోలేని, పోకూడని చోట కూడా కన్వర్టర్‌కు న్యాయంగా చోటుంది. నేలపట్టులో గూడబాతులు గూళ్లు కట్టేది నీళ్ల మధ్య ఉన్న నీటి కడప చెట్ల మీద. మనం నిలబడేది గట్టు మీదో వాచ్ టవర్ మీదో. గట్టు దిగి చెట్ల వైపు నడిస్తే తల్లులు లేచిపోతాయి, పిల్లలు ఎండకు మాడతాయి, కాకులు గూళ్ల మీద పడతాయి. అక్కడ 1.4ఎక్స్ వేసుకున్నవాడు గట్టు దిగినవాడి కంటే మేలు.

కన్వర్టర్ అంటే లెన్స్‌కీ బాడీకీ మధ్య కూర్చునే భూతద్దం, అంతే. లెన్స్ తయారుచేసిన బొమ్మలో నడిమి భాగాన్ని తీసుకుని పెద్దది చేసి సెన్సర్ మీద పరుస్తుంది. లెన్స్‌లో లేని వివరాన్ని అది పుట్టించలేదు. ఉన్న లోపాన్ని మాత్రం అంతే శ్రద్ధగా పెద్దది చేసి చూపిస్తుంది. వెలుతురు కూడా ఎక్కువ చోటుకు పరుచుకుంటుంది కాబట్టి 1.4ఎక్స్‌తో ఒక స్టాప్ (అంటే సగం వెలుతురు), 1.7ఎక్స్‌తో ఒకటిన్నర, 2ఎక్స్‌తో రెండు స్టాపులు పోతాయి. పులికాట్‌లో పొద్దెక్కుతున్న వేళ ఎఫ్/5.6 అపర్చర్ (లెన్స్ తెరుచుకునే రంధ్రం, అంకె పెరిగితే రంధ్రం చిన్నది), 1/2000 సెకను షట్టర్, ఐఎస్‌ఓ (సెన్సర్ వెలుతురు పట్టే శక్తి) 800తో వచ్చే ఫ్లెమింగో ఫొటోకు 1.4ఎక్స్ పెడితే ఎఫ్/8, ఐఎస్‌ఓ 1600 కావాలి. 2ఎక్స్ పెడితే ఎఫ్/11, ఐఎస్‌ఓ 3200. ఐఎస్‌ఓ పెరగడం ఇష్టంలేక షట్టర్‌ని 1/500కి దించేసేవాళ్లు ఎందరో. ఐఎస్‌ఓ పెరిగితే వచ్చే గరుకు చుక్కలను, అంటే నాయిస్‌ని, తర్వాత కంప్యూటర్లో తగ్గించుకోవచ్చు. కదిలిపోయిన రెక్కను ఏ సాఫ్ట్‌వేరూ వెనక్కి తేలేదు.

చాలామంది పట్టించుకోని లాభం ఒకటుంది. కన్వర్టర్ పెట్టినా లెన్స్ దగ్గరి ఫోకస్ దూరం మారదు, బొమ్మ మాత్రం పెరుగుతుంది. కెనాన్ 100-400 మిల్లీమీటర్ల రెండో తరం లెన్స్ 98 సెంటీమీటర్ల దగ్గర సెన్సర్ మీద అసలు సైజుకు 0.31 రెట్ల బొమ్మ ఇస్తుంది. దానికి 1.4ఎక్స్ చేరిస్తే అదే దూరంలో 0.43 రెట్లు. తూనీగలకూ సీతాకోకచిలుకలకూ ఇది చిన్నవాటిని పెద్దగా తీసే మాక్రో లెన్స్‌కి దగ్గరి చుట్టం, పైగా వాటిని బెదరగొట్టదు.

ఏది దేనికి పడుతుందో కొనేముందే చూసుకోవాలి. కెనాన్ కన్వర్టర్లను ఎక్స్‌టెండర్లంటారు, వాటి ముందు గాజు బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది. 55-250, 70-300 లాంటి జూమ్‌ల వెనక దానికి చోటుండదు, బలవంతం చేస్తే గాజుకు గాజు తగులుతుంది. నికాన్ ఎఫ్ మౌంట్ (లెన్స్ బిగించే చోటు) కన్వర్టర్లలో పడని లెన్స్ ఎక్కకుండా ఒక చిన్న పన్ను ఉంటుంది. దాన్ని ఆకురాయితో అరగదీసి మామూలు జూమ్‌కి తగిలించుకునేవాళ్లూ లేకపోలేదు. అలా చేస్తే లెన్స్ వెనక గాజు పగిలినా అడిగే దిక్కుండదు, పైగా ఎఫ్/6.3 లెన్స్ ఎఫ్/9 అయి డీఎస్‌ఎల్‌ఆర్‌లో (లోపల అద్దం ఉండే కెమెరాలో) ఫోకస్ పట్టడమే మానేస్తుంది. సోనీ ఇ మౌంట్ కోసం సిగ్మా, టామ్రాన్ చేసిన పొడుగు జూమ్‌లకు సోనీ కన్వర్టర్ పట్టదు. కెనాన్ ఆర్‌ఎఫ్ 100-500ది మరో తమాషా. జూమ్‌ను 300 దాటించాకే ఎక్స్‌టెండర్ ఎక్కుతుంది, అది ఉన్నంతసేపూ 300 కంటే వెనక్కి రాదు. అంటే 1.4ఎక్స్‌తో మీ చేతిలో ఉండేది 420-700 మాత్రమే. గద్ద నెత్తి మీదికి వచ్చినప్పుడు జూమ్ వెనక్కి తిప్పుకోవడం కుదరదు, సంచిలో పెట్టేటప్పుడు లెన్స్ పూర్తిగా ముడుచుకోదు కూడా.

ఇక ఫోకస్. డీఎస్‌ఎల్‌ఆర్ ఫోకస్ సెన్సర్ లెన్స్ రెండు అంచుల నుంచి వచ్చే కిరణాలను పోల్చి చూస్తుంది. చాలా బాడీల్లో ఆ అంచులు ఎఫ్/5.6కి కొలిచి పెట్టినవి. ఎఫ్/8 అయ్యేసరికి అంచు కిరణాలు సెన్సర్ దాకా రావు. అందుకే 100-400కి 1.4ఎక్స్ పెట్టగానే కొన్ని బాడీల్లో ఫోకస్ పాయింట్లన్నీ మాయమై నడిమిది ఒక్కటే మిగులుతుంది. కెనాన్ 7డి మార్క్ 2, నికాన్ డి7200 ఈ తరహావి. కెనాన్ 5డి మార్క్ 4లో మొత్తం 61 పాయింట్లూ ఎఫ్/8కి పనిచేస్తాయి, నికాన్ డి500లో 15 పనిచేస్తాయి. నడిమి పాయింట్ ఒక్కటే ఉన్నప్పుడు ఎగిరే పక్షి కన్ను దాని కింద నిలపడం గొప్పవాళ్లకే కష్టం, కాబట్టి ఎగిరేవాటికి కన్వర్టర్ తీసేయడమే తెలివి. అద్దం లేని మిర్రర్‌లెస్ బాడీలు సెన్సర్ మీదే ఫోకస్ చూస్తాయి కనుక ఎఫ్/11 దగ్గరా పట్టుకుంటాయి. మబ్బు పట్టినప్పుడు, కొమ్మల్లో దాక్కున్న పక్షి దగ్గర మాత్రం అవీ ముందుకీ వెనక్కీ ఊగుతాయి.

వేగం కూడా తగ్గుతుంది. కెనాన్ ఈఎఫ్ లెన్స్‌ల్లో 1.4ఎక్స్ పెడితే ఫోకస్ మోటార్ సగం వేగంతో, 2ఎక్స్ పెడితే పావు వేగంతో నడిచేలా కంపెనీయే ఏర్పాటు చేసింది. గురి తప్పకుండా ఉండటానికి. అంటే ఆ మందకొడితనం లోపం కాదు. దాన్ని తట్టుకునే ఉపాయం ఒక్కటే, లెన్స్ మీది ఫోకస్ లిమిటర్ (ఫోకస్ వెతికే దూరాన్ని కుదించే) స్విచ్‌ని దూరం వైపు పెట్టుకుని, పక్షి వాలబోయే కొమ్మ మీద ముందే ఫోకస్ చేసి ఉంచడం. లిమిటర్ వాడకపోతే ఒకసారి ఫోకస్ జారిందంటే అది దగ్గరి చివర దాకా పోయి తిరిగి వచ్చేలోపు పక్షి ఉండదు.

ఇక చేయి అదిరే సంగతి. 400కి 1.4ఎక్స్ పెడితే 560 మిల్లీమీటర్లు. చిన్నపాటి ఏపీఎస్-సి సెన్సర్ మీద అడ్డంగా కనిపించేది 2.3 డిగ్రీలు. చెయ్యి చాపి బొటనవేలు నిలబెడితే ఆకాశంలో ఎంత మరుగవుతుందో ఇంచుమించు అంత. ఆ బొటనవేలంత చోటును 6,000 పిక్సెళ్లుగా చీలుస్తున్నామని గుర్తుంటే ఊపిరి పీల్చినా ఎందుకు కదులుతుందో అర్థమవుతుంది. చేతిలో పట్టుకుంటే షట్టర్ సెకనులో ఎన్నో వంతు ఉండాలో తెలియడానికి ఈ చిన్న సెన్సర్‌కు 560ని 1.5తోనో 1.6తోనో గుణిస్తే 840, 896 వస్తుంది. కాబట్టి కూర్చున్న పక్షికి చేతిలో పట్టుకుని తీస్తే 1/1000 కంటే తగ్గకూడదు, ఎగిరేదానికి 1/2000 నుంచి 1/3200. లెన్స్‌లోని స్టెబిలైజర్ మీ చేతి అదురును ఆపుతుంది కానీ పక్షిని ఆపదు. దాన్ని నమ్ముకుని 1/250కి దిగితే వెనకున్న కొమ్మ షార్ప్‌గా, ముందున్న పిట్ట తల మసగ్గా వస్తాయి.

ట్రైపాడ్ మీద పెడితే లెన్స్ కాలర్‌కే (లెన్స్ చుట్టూ ఉండే బిగింపు పట్టీకే) బిగించాలి. బాడీకి బిగిస్తే లెన్స్, కన్వర్టర్ బరువంతా మౌంట్ మీద వేలాడుతుంది, ముందు కొస ఊగుతూనే ఉంటుంది. ట్రైపాడ్ నడిమి కర్ర పైకి లేపొద్దు. గాలి వీస్తుంటే కెమెరా పట్టీ ఊడదీసేయండి, అది తెరచాపలా పనిచేస్తుంది. ఎడమ చేతిని లెన్స్ పైన, కాలర్‌కి సూటిగా ఆనించి కాస్త కిందికి నొక్కి ఉంచితే మిర్రర్ కొట్టుకునే అదురు చాలావరకు అక్కడే చస్తుంది. పాత తరం స్టెబిలైజర్ ఉన్న లెన్స్‌లైతే ట్రైపాడ్ ఎక్కగానే దాన్ని ఆపేయాలి, లేకపోతే లేని అదురును వెతుక్కుంటూ బొమ్మను అదే కదిలిస్తుంది. కదలని పక్షికి లైవ్ వ్యూ (కెమెరా వెనక తెర మీద చూడటం), పదింతలు పెద్దది చేసి ఫోకస్, 2 సెకన్ల టైమర్. కారు కిటికీ నుంచి తీసేవాళ్లకు రెండు కిలోల గింజలు పోసి కుట్టిన గుడ్డ సంచి ట్రైపాడ్ కంటే మెరుగ్గా పనిచేస్తుంది. ఇంజిన్ మాత్రం ఆపాలి. పెసలు పోయకండి, వానలో ఒకసారి తడిస్తే మొలకలొస్తాయి.

ఇన్ని చేసినా ఫొటో ముద్దగానే వచ్చిందంటే అనుమానించాల్సింది గాలిని. మన ప్రాంతంలో కన్వర్టర్ ఫొటోలు పాడవడానికి దీన్ని మించిన కారణం లేదని నా అభిప్రాయం. దీని గురించి దుకాణంలో ఎవరూ చెప్పరు. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట పోయే రోడ్డు మీద నిలబడి పులికాట్ వైపు చూడండి. బురద నేల, లోతులేని నీళ్లు, తారు రోడ్డు ఒక్కోటి ఒక్కో తీరున వేడెక్కుతాయి. వాటి మీది గాలి పొరలు పొరలుగా లేస్తుంది, ఒక్కో పొరా వెలుతురును ఒక్కో పక్కకు వంచుతుంది. 300 మీటర్ల దూరంలో ఉన్న ఫ్లెమింగోల కాళ్లు పాముల్లా మెలికలు తిరిగి కనిపిస్తాయి. ఆ మెలికలను కన్వర్టర్ 1.4 రెట్లు చేస్తుంది. షట్టర్ 1/4000 పెట్టినా లాభం లేదు, వంకర బొమ్మ వంకరగానే గడ్డకడుతుంది. గుర్తుపట్టడం తేలిక: కదలని పక్షిని వరసగా పది ఫొటోలు తీయండి. ఫోకస్ తప్పయితే పదీ ఒకేలా మసగ్గా ఉంటాయి. గాలి తప్పయితే ఒకదానిలో ముక్కు బాగుండి కాలు వంకరగా, ఇంకోదానిలో కాలు బాగుండి ముక్కు వంకరగా వస్తాయి. దీనికి మందు లెన్సుల్లో లేదు. సూర్యోదయం నుంచి ఒక గంటన్నర, రెండు గంటలు మంచి సమయం. ఆ తర్వాత కన్వర్టర్ సంచిలో పెట్టేసి, దగ్గరికి వచ్చే కొంగలనూ పాలపిట్టలనూ ఉత్త లెన్స్‌తో తీసుకోవడం మేలు.

ఇదే గాలి గొడవ కారులో కూడా ఉంది. లోపల ఏసీ చల్లగా, బయట వేడిగా ఉన్నప్పుడు అద్దం దించితే కిటికీ దగ్గరే గాలి మరుగుతుంది, లెన్స్ ముందు అడుగు దూరంలో. తీయడానికి పావుగంట ముందే ఏసీ ఆపి అద్దాలన్నీ దించేయాలి. చల్లటి గదిలోంచి తెచ్చిన లెన్స్‌ని కొల్లేరు గట్టు మీద సంచి తెరిచి బయటికి తీస్తే గాజు మీద ఆవిరి పడుతుంది. కన్వర్టర్ ఉంటే తుడవలేని గాజులు రెండింతలు. సంచి మూసే ఉంచి, ముప్పావుగంట బయటి వేడికి అలవాటు పడనివ్వాలి. ముందున్న యూవీ ఫిల్టర్ కూడా తీసేయండి. ఉత్త లెన్స్‌తో బయటపడని చవక ఫిల్టర్ గుట్టు 560 దగ్గర రట్టవుతుంది.

అపర్చర్ ఎంత మూయాలి? పొడుగు జూమ్‌లు చాలావాటికి చివరి కొసే బలహీనం. పూర్తిగా తెరిచి, 400 దాకా లాగి, దాని మీద కన్వర్టర్ పెడితే మూడు బలహీనతలూ ఒకచోట కలిసినట్టే. జూమ్‌ను 360 దగ్గర ఆపి, ఎఫ్/8 బదులు ఎఫ్/9 గానీ ఎఫ్/10 గానీ పెడితే కాంట్రాస్ట్ పుంజుకుంటుంది. 360 అంటే 1.4ఎక్స్‌తో ఎలాగూ 504. అంతకు మించి మూయడం దండగ. ఎఫ్/11 దగ్గర డిఫ్రాక్షన్ (చిన్న రంధ్రం దగ్గర వెలుతురు వంగడం) వల్ల ఒక్కో వెలుతురు చుక్క 15 మైక్రాన్ల బిళ్లగా పరుచుకుంటుంది, 24 మెగాపిక్సెళ్ల ఏపీఎస్-సి పిక్సెల్ 4 మైక్రాన్లే. ఎఫ్/5.6 జూమ్‌కి 2ఎక్స్ పెట్టినవాళ్లు మొదలే ఎఫ్/11 దగ్గర ఉంటారు, బాగుచేద్దామని ఎఫ్/16కి మూస్తే ఇంకా మసకబారుతుంది. అందుకే 2ఎక్స్‌ని 70-200 ఎఫ్/2.8 లాంటి జూమ్‌లకే పరిమితం చేయమంటాను. 140-400 ఎఫ్/5.6 అవుతుంది, ఒక స్టాప్ మూసుకోవడానికి వీలుంటుంది. నికాన్ 200-500, సోనీ 200-600 లాంటివాటికి 1.4ఎక్స్ దాటొద్దు. మిర్రర్‌లెస్ ఎఫ్/13 దగ్గరా ఫోకస్ పడుతుందని కంపెనీ చెప్పేది నిజమే, కానీ ఫోకస్ పడటం వేరు, ఈక విడిపోవడం వేరు.

మీ లెన్స్, మీ కన్వర్టర్ జత బాగుందో లేదో తేల్చుకోడానికి ఎవరి రివ్యూలూ అక్కర్లేదు. ఈ పత్రికే చాలు. క్లాసిఫైడ్ ప్రకటనల పేజీని నీడ పడే గోడకు ముడతల్లేకుండా నాలుగంచులా టేపుతో అంటించండి. పొద్దున్నే, గాలి మరగకముందు, 15 మీటర్ల దూరంలో ట్రైపాడ్ వేయండి. లెన్స్ గోడకు సూటిగా ఉండాలి. స్టెబిలైజర్ ఆపి, ఐఎస్‌ఓ 200 దగ్గర, లైవ్ వ్యూ పదింతల్లో ఫోకస్ చేసి, టైమర్‌తో తీయండి. ముందు ఉత్త లెన్స్ 400 దగ్గర ఎఫ్/5.6, ఎఫ్/8. తర్వాత కన్వర్టర్‌తో ఎఫ్/8, ఎఫ్/9, ఎఫ్/10, ఎఫ్/11. ప్రతిదీ మూడుసార్లు, ప్రతిసారీ ఫోకస్ చెదరగొట్టి మళ్లీ చేసి. ఉత్త లెన్స్ ఫొటోను కంప్యూటర్లో 140 శాతానికి పెంచి, రెంటినీ పక్కపక్కన పెట్టండి.

చూడాల్సింది 'ప', 'ఫ'ల తేడా, 'ద', 'ధ'ల తేడా. ఆ అక్షరాల కింద వేలాడే చిన్న నిలువు గీత క్లాసిఫైడ్ అచ్చులో 0.2 మిల్లీమీటర్ల మందం ఉందనుకుందాం. 15 మీటర్ల నుంచి 400 దగ్గర అది సెన్సర్ మీద పిక్సెలున్నర కూడా ఉండదు, 560 దగ్గర రెండు పిక్సెళ్లకు దగ్గరవుతుంది. కన్వర్టర్ నిజంగా పనిచేస్తుంటే ఉత్త లెన్స్‌లో 'పలము'గా కనిపించింది కన్వర్టర్‌తో 'ఫలము' అని చదవగలగాలి. రెంటిలోనూ ఒకేలా మసగ్గా ఉంటే ఆ లెన్స్‌కి ఆ కన్వర్టర్ దండగ, క్రాపే చేసుకోవచ్చు. పేజీ నడిమి మాత్రమే కాదు, మూలలూ చూడండి. అక్షరాల అంచుల్లో ఊదా, ఆకుపచ్చ గీతలు కనిపిస్తే కంగారు వద్దు, అవి కంప్యూటర్లో ఒక్క టిక్‌తో పోతాయి.

డీఎస్‌ఎల్‌ఆర్ అయితే అదే పేజీని వ్యూఫైండర్ నుంచి ఆటోఫోకస్‌తో మళ్లీ తీయండి. లైవ్ వ్యూలో షార్ప్‌గా వచ్చి వ్యూఫైండర్‌తో రాకపోతే గాజు తప్పు కాదు, ఫోకస్ ముందుకో వెనక్కో పడుతోంది. మైక్రో అడ్జస్ట్‌మెంట్, అంటే మెనూలో ఫోకస్‌ను కాస్త ముందుకో వెనక్కో జరపడం, చేయాలి. ఉత్త లెన్స్‌కి చేసిన సవరణ కన్వర్టర్ పెట్టాక చెల్లదు. చాలా కెనాన్ బాడీలు లెన్స్‌కి ఎక్స్‌టెండర్ చేరిన జతను వేరే లెన్స్‌గానే లెక్కిస్తాయి, జూమ్ రెండు కొసలకూ విడివిడిగా అంకె పెట్టనిస్తాయి. ఈ ఒక్క సవరణ చేయకుండా కన్వర్టర్ బాగాలేదని అమ్మేసుకున్నవాళ్లు చాలామంది.

ఓపికుంటే ఆ పేజీని గోడ మీదే ఉంచి మధ్యాహ్నం రెండింటికి ఇంకోసారి తీయండి. పొద్దున చదవగలిగిన 'ఫ' అప్పుడు చదవలేకపోతే ఆ తేడా మొత్తం గాలిదే.

చివరగా మీకొక మనవి. పాఠకుల పక్షి ఫొటోలు వేసేటప్పుడు కింద ఊరు, పేరుతోపాటు లెన్స్, కన్వర్టర్ ఉంటే అది, షట్టర్, అపర్చర్, ఐఎస్‌ఓ, తీసిన వేళ కూడా అచ్చువేయండి. ఫొటోకి ఒక వరస చోటు చాలు.

ఇట్లు,
పక్షుల ఫొటోలు తీసే ఒక పాఠకుడు,
నెల్లూరు